నాన్నకి కళ్ళు తిరగని తెర

సముద్రం మీద ముప్పై ఏళ్ళు బోటు నడిపిన మనిషికి మా ముందుగదిలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా, కడుపులో తిప్పింది. బకెట్టు తెమ్మని ఎడం చేత్తో సైగ చేశాడు. నేను తెచ్చేలోపే కానిచ్చేశాడు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఏం చూపించావే మీ నాన్నకి?"

నేను చూపించింది సముద్రమే. నా పాత ల్యాప్‌టాప్‌లో, చేపల బోటు నడిపే ఆట ఒకటి ఉంటే, అందులో ఉండే సముద్రం. ఆ మాట చెబితే అమ్మ చీపురు తిరగేస్తుందని నోరు మూసుకుని నేల తుడిచాను.

నాన్న గిలకలదిండి హార్బర్లో సరంగు. అంటే మరబోటులో చక్రం పట్టే మనిషి. పోయిన వర్షాకాలంలో పక్షవాతం వచ్చింది. దేవుడి దయ, మాట పోలేదు. కాలు కొంచెం ఈడుస్తూనే అయినా నడిచాడు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే ఒళ్ళో, మంచం మీద పెడితే మంచం మీద. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి మొదటి రోజే చెప్పింది.

"మొదటి నెలలే ముఖ్యం అండీ. చెయ్యి ఎంత వాడిస్తే అంత వస్తుంది. తర్వాత రాబట్టాలంటే చాలా కష్టం."

పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చి వెళ్ళింది. నాన్న దాన్ని ఎడం చేత్తో తీసి గుమ్మంలోంచి బయటికి విసిరాడు. "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా బంతులాడుకోడానికి?" అన్నాడు. అటు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలు అలాగే పడుకున్నాడు. ఎవరు ఏం చెప్పినా "ఊఁ" తప్ప మాట లేదు.

నేను గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పొద్దున బందరులో రైలెక్కడం, సాయంత్రం దిగడం. నా వయసు ఆడవాళ్ళు ఆదివారం ఏం చేస్తారో నాకు తెలీదు. నేను మాత్రం ఆటలాడతాను. అమ్మ ఎవరన్నా వస్తే "ఆఫీసు పని చేసుకుంటోంది" అని చెబుతుంది, పాపం. అలాంటి ఒక ఆదివారం నేను ఆ బోటు ఆట ఆడుతుంటే వెనక మంచం మీంచి నాన్న గొంతు వినిపించింది.

"ఎడమకి కొట్టు! ఎడమకి! గుద్దేస్తావ్!"

తిరిగి చూశాను. లేచి కూర్చున్నాడు. నేను చూసింది ఆయన మొహం కాదు, దుప్పటి మీద ఉన్న ఆ కుడి చెయ్యి. చిటికెనవేలు కదిలింది. ఒట్టు, కదిలింది. మళ్ళీ కదులుతుందేమోనని కావాలనే బోటుని గట్టుకేసి తీసుకెళ్ళాను. మళ్ళీ తిట్టాడు. మళ్ళీ కదిలింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమోనని కంప్యూటర్లు చదువుకున్న దాన్ని, నేనూ భయపడ్డాను.

ఆ పై ఆదివారమే నేను ఆయన్ని ఆ ఆట ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ రోజే బకెట్టు.

తప్పు నాన్నది కాదు, నా ల్యాప్‌టాప్‌ది. అది సెకనుకి ఇరవై బొమ్మలు గీయడానికే ఆపసోపాలు పడేది. దానికి తోడు లోపల పాతకాలపు హార్డ్ డిస్కు. బోటు కొంచెం ముందుకెళ్ళగానే తర్వాతి సముద్రాన్ని అందులోంచి తోడుకోవాలి కదా, తోడుకునేలోపు కెరటం గాల్లో ఆగిపోయేది. అరసెకను ఆగి ఒక్కసారి గెంతేది. నాలాంటి వాళ్ళకి చిరాకు, అంతే. కెరటం ఎప్పుడు లేచి ఎప్పుడు పడుతుందో ఒళ్ళంతా తెలిసిన మనిషికి అది నరకం. "అదేం సముద్రమే, నత్తి సముద్రం" అన్నాడు నోరు కడుక్కుంటూ.

సరే, నత్తి లేని సముద్రం తెస్తాను అనుకున్నాను. మంచి కంప్యూటరు, వేగంగా మారే తెర, లోపల ఆ హార్డ్ డిస్కు బదులు వేగంగా తోడిచ్చే ఎస్‌ఎస్‌డీ, కెరటం కొడితే చేతికి ఎదురు తన్నే మోటారున్న స్టీరింగు. వారం రోజుల పని. బ్యాంకులో దాచుకున్నది ఉంది, ఎవర్నీ అడగక్కర్లేదు. అంతా అనుకూలమే, నా బుద్ధి ఒక్కటే అనుకూలం కాదు.

నా బుద్ధికి కుదురు లేదు. చిన్నప్పటి నుంచీ అంతే. చీరల కొట్లో నాతో వెళ్ళినవాళ్ళు రెండోసారి రారు. కూర్చుంటే కాలు ఊగుతూనే ఉంటుంది. అలాంటి దాని చేతికి ఈ పని పడింది. మొదట నూట నలభై నాలుగు హెర్ట్జ్ తెర చాలనుకున్నాను. అంటే సెకనుకి అన్నిసార్లు బొమ్మ మారుతుంది. రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియోలు చూస్తుంటే ఎవడో నూట అరవై అయిదు ఉండగా అదెందుకు అన్నాడు. కవుతరం దాటేసరికి నాకూ ఎందుకులే అనిపించింది. గుడివాడ స్టేషన్లో దిగేసరికి రెండొందల నలభైకి వెళ్ళిపోయాను. మర్నాడు తెర పానెల్ ఏ రకందో అన్న గొడవ మొదలైంది. ఒక రకంలో నలుపు బాగుంటుందట కానీ కదిలే వస్తువు వెనక నీడ ఈడుస్తుందట. అమ్మో, నీడ ఈడిస్తే నాన్నకి మళ్ళీ తిప్పుతుంది! ఇంకో రకంలో నీడ లేదు గానీ చీకట్లో మూలలు తెల్లగా మెరుస్తాయట. మా నాన్న పగలే నడుపుతాడు కదా, అని సర్ది చెప్పుకుని, మళ్ళీ తెల్లవారుజామున బోటు దించితేనో, అని బెంగపడి... ఛీ, నా మొహం. ఆయన చెయ్యి మంచం మీద ఉంది, నేను తెర మూలల గురించి ఏడుస్తున్నాను.

గుడివాడలో ఒక కంప్యూటర్ షాపాయన ఉన్నాడు. వారానికి రెండుసార్లు కాలేజీ నుంచి స్టేషన్‌కి వెళ్తూ అక్కడ ఆగేదాన్ని. ఎస్‌ఎస్‌డీ చేతిలో పెట్టుకుని చదివే వేగం ఎంత, రాసే వేగం ఎంత, వేడెక్కితే నెమ్మదిస్తుందా, అయిదేళ్ళ తర్వాత ఎలా ఉంటుంది అని అడిగేదాన్ని. పెద్దమనిషి, ఓపిగ్గా చెప్పేవాడు. ఒకరోజు ఆయనా విసిగిపోయాడు.

"మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు కొంటారా, దీని మీద పరీక్ష రాస్తారా?"

షాపులో వాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "కొనేదాన్ని కాబట్టే అడుగుతున్నాను, మీకు అమ్మడం ఇష్టం లేకపోతే చెప్పండి" అని దులిపేసి వచ్చేశాను. రైల్లో కూర్చున్నాక, ఆయన అన్నదాంట్లో తప్పేముందీ అనిపించింది. అయినా కొనలేదు.

తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కోసం అవనిగడ్డ దాకా వెళ్ళాను. అక్కడ రొయ్యల చెరువులు చేసే ఒకాయన తన కార్డు అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. సెలవు పెట్టి, చల్లపల్లి మీదుగా బస్సులో, పులిగడ్డ దాటి వెళ్తే ఆయన మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి, కార్డు పాత తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. "రెండేళ్ళు వాడానండీ, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. చెరువుల పనిలో ఇక తీరిక లేక ఇచ్చేస్తున్నా" అన్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. స్క్రూల చుట్టూ పచ్చగా చిలుం. ఉప్పుగాలి పట్టిన వస్తువు. ఆలోచించి చెబుతానండీ అని లేచాను. తిరుగు బస్సులో ఘంటసాల అడ్డరోడ్డు వచ్చేసరికి తీసుకుని ఉంటే బాగుండేది అనిపించింది. బందరు బస్టాండులో దిగేసరికి తీసుకోకపోవడమే మంచిదైంది అనిపించింది. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే మళ్ళీ మొదటికొచ్చింది.

అలా నాలుగు నెలలు. నేను ఊరికే కూర్చోలేదు, అదే నా బాధ. నా అంత కష్టపడి ఎవరూ వెతికి ఉండరు. నాన్నకి మంచిది తేవాలనే కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నిజం ఇంకోటి ఉంది. కొనేస్తే, కొన్నది పెట్టాక కూడా ఆ చెయ్యి లేవకపోతే, ఇక చెయ్యడానికి ఏమీ ఉండదు. కొననంతకాలం ఆశ అలాగే ఉంటుంది. ఈ సంగతి అప్పుడు నాకు తెలీదనను. తెలిసీ తెలియనట్టు ఉన్నాను.

ఒక ఆదివారం పొద్దున అమ్మ కేకేసింది. వెళ్తే నాన్న కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తోంది. వేళ్ళు పిడికిలి బిగుసుకుపోయాయి. ఒక్కో వేలూ బలంగా విప్పితే గానీ రావడం లేదు. అరచేతిలో గోళ్ళు దిగి నాలుగు గాట్లు పడ్డాయి. నాన్న అటు చూస్తున్నాడు. నొప్పి పుడుతోందో లేదో చెప్పడం లేదు.

"చూశావా?" అంది అమ్మ. "నువ్వు ఫోన్లో ఏం చూస్తున్నావో నాకు తెలీదు. ఇది మాత్రం చూడు."

మర్నాడు కాలేజీకి వెళ్ళకుండా నేరుగా షాపుకెళ్ళాను. "మీ దగ్గర ఇప్పుడు, ఈ క్షణాన ఏముంటే అది ఇవ్వండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. కంప్యూటర్ డబ్బా, నూట అరవై అయిదు హెర్ట్జ్ తెర, ఒక మాదిరి కార్డు, ఒక టెరాబైటు ఎస్‌ఎస్‌డీ, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్, స్టీరింగు. అరగంటలో అయిపోయింది. నాలుగు నెలలు తిరిగి నేను కొన్నది మొదటి వారం అనుకున్న సామానే, ఇంచుమించు.

గుడివాడ నుంచి ఆటో మాట్లాడుకుని ఇంటికి తెచ్చి, బిగించి, ఆట ఎక్కించేసరికి సాయంత్రమైంది. స్టీరింగు పెట్టే బల్ల లేదు. రేపు చూద్దాంలే అని, డబ్బా పక్క మూత కూడా తీసే ఉంచి, మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

ఆ రోజు మా మావయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు, హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. బావకి కొత్త మిషను వచ్చిందని తెలిసి ఊరికే రాలేదు. కొత్త బోటు నీళ్ళలోకి దించే ముందు చేసినట్టు డబ్బాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఒడ్డు ఊళ్ళో బ్యాటరీ కొనగానే టెర్మినళ్ళకి గ్రీజు పూస్తారు, లేకపోతే ఉప్పుగాలికి పదిరోజుల్లో చిలుం పడుతుంది. ఆ చేతులకి నలభై ఏళ్ళ అలవాటు. మూత తీసి ఉంది, లోపల మెరిసే ఇత్తడి పళ్ళలాంటివి కనబడ్డాయి. కార్డు ఊడదీసి దాని పళ్ళకి గ్రీజు. ఎస్‌ఎస్‌డీ ఊడదీసి దానికి గ్రీజు. తెర కేబులు పిన్నులకి, స్టీరింగు ప్లగ్గుకి, ఎక్కడ మెరిస్తే అక్కడ శుభ్రంగా పూసి, మళ్ళీ ఎలా ఉన్నవి అలా బిగించి పెట్టాడు. పనిమంతుడు కదా, ఒక్క స్క్రూ మిగల్లేదు.

సాయంత్రం నేను బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ లేదు. నాన్న కొత్త చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. లోపల చూసి, వేలు పెట్టి, వాసన చూశాను.

"మావయ్యా! ఏం చేశావ్?"

"ఉప్పుగాలికి తట్టుకోవాలి కదా అమ్మాయ్" అన్నాడు గర్వంగా.

తర్వాత నేనన్న మాటలు రాయను. మేనమామని అనకూడనివి అన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ ఏడ్చింది. నాన్న కొత్త చొక్కా గుండీలు ఒంటి చేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటూ కూర్చున్నాడు. నాలుగు నెలలు తాత్సారం చేసిన దాన్ని నేను, ఒక్క పూటలో గ్రీజు పూసిన వాడి మీద పడ్డాను.

మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి, పాత టూత్‌బ్రష్ పెట్టి, మూడు రోజులు తోమాను. పళ్ళని రబ్బరుతో రుద్దాను. మొదట తెర వెలిగింది, ఎస్‌ఎస్‌డీ కనబడలేదు. దాన్ని దూర్చే సందులో కూడా గ్రీజు. మళ్ళీ తోమాను. నాలుగో రోజు అన్నీ లేచాయి. కెరటం ఎక్కడా ఆగలేదు. నత్తి పోయింది.

నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి స్టీరింగు ఒళ్ళోకి జరిపాను. ఎడం చేత్తో రెండు తిప్పులు తిప్పాడు. మొహం పాలిపోయింది. "వద్దులేమ్మా" అన్నాడు. నా మీద జాలిపడి మెల్లగా అన్నాడు, దాంతో ఇంకా ఏడుపొచ్చింది. ఇంకా మంచి తెర కొనుండాల్సింది అనిపించింది. నిజంగా అనిపించింది! రెండొందల నలభై వెతకడానికి ఫోన్ తీశాను కూడా. తీసి, నా చేతిని నేనే చూసుకుని, పక్కన పడేసి గిలకలదిండికి బయల్దేరాను.

మావయ్య ఒక బోటు ఇంజను గదిలో సగం దిగి ఉన్నాడు. నన్ను చూసి చూడనట్టు పని చేసుకున్నాడు. "తప్పయింది మావయ్యా" అన్నాను. స్పానర్‌తో ఇంకో నట్టు బిగించాడు. తర్వాత "పనిచేసిందా?" అన్నాడు. పనిచేసింది గానీ నాన్నకి మళ్ళీ తిప్పుతోందని చెప్పాను. తెర వేగం, డ్రైవు వేగం, అన్నీ చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు.

"అదంతా సరే. కూర్చోబెట్టావా?"

"కుర్చీ వేశాను."

"మీ నాన్న ఎప్పుడన్నా కూర్చుని బోటు నడపడం చూశావా నువ్వు?"

చూడలేదు. ఏ సరంగూ కూర్చోడు. రెండు కాళ్ళూ ఎడంగా వేసి, భుజం క్యాబిన్ చెక్కకి ఆనించి, నిలబడే నడుపుతాడు. కెరటం ముందు కాళ్ళకి తెలుస్తుంది, తర్వాతే కంటికి. హార్బరు పక్కన పుట్టి పెరిగిన దాన్ని, పన్నెండు రకాల తెరల మధ్య తేడా చెప్పగలను, ఇది తట్టలేదు.

మావయ్య ఆ సాయంత్రమే ఆరు ఖాళీ చేపల ట్రేలు తెచ్చాడు. కడిగినా వాసన పోలేదు. వాటిని పేర్చి, పైన పలక వేసి, స్టీరింగు ఛాతీ ఎత్తుకి బిగించాడు. తెర దానికి తగ్గ ఎత్తులో. నాన్నని లేపి నిలబెట్టి, కుడి భుజం తలుపు చెక్కకి ఆనించాం. పడిపోతాడేమోనని అమ్మ వెనకే చీర చెంగు దోపుకుని నిలబడింది.

నాన్న బోటు తీశాడు. మెల్లగా. మొహంలోకి రంగు వచ్చింది. గట్టు దాటి బయటికి వెళ్ళాక ఒక పెద్ద కెరటం పక్క నుంచి కొట్టింది. స్టీరింగు ఎడం చేతిని ఎదురు తన్ని గిర్రున తిరగబోయింది. కుడి చెయ్యి లేచింది. వేళ్ళు తెరుచుకోలేదు. బిగిసిన పిడికిలి అలాగే వచ్చి చక్రం మీద పడి నొక్కిపట్టింది.

"పట్టాడే!" అని అరిచాడు మావయ్య. అమ్మ వెనక నుంచి నాన్న నడుము పట్టుకుంది. నాన్న కెరటం వైపే చూస్తున్నాడు, తన చెయ్యి లేచిన సంగతి ఆయనకి ఆఖర్న తెలిసింది.

అప్పట్నుంచి రోజూ నిలబడ్డాడు. నెల తిరిగేసరికి భుజం ఆడింది, మోచెయ్యి వంగింది. మధ్యవేళ్ళు రెండు కొంచెం విచ్చుకున్నాయి. ఫిజియో అమ్మాయి వచ్చి, చెయ్యి ఎత్తించి, దించి, చాలా సంతోషపడింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నేనడిగాను, బొటనవేలు కూడా వస్తుందా అని. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు.

"ఇక్కడి దాకా రావడమే గొప్ప మేడమ్. ముందే మొదలుపెట్టి ఉంటే వేళ్ళు ఇంకాస్త విడేవి. ఇప్పుడు చెప్పలేం."

లోపలికొచ్చాను. నాన్న చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. వినపడిందో లేదో తెలీలేదు. ఇక దాచలేకపోయాను.

"నావల్లే ఆలస్యమైంది నాన్నా. నాలుగు నెలలు ఏది కొనాలా అని తిరుగుతూ కూర్చున్నాను. నీ వేళ్ళు నేనే పోగొట్టాను."

ఆయన చక్రం కొంచెం ఎడమకి తిప్పాడు. తెర మీద సముద్రం సాఫీగా కదులుతోంది.

"నువ్వు నాలుగు నెలలు తిరిగావ్. నేను రెండు నెలలు గోడకేసి చూస్తా పడుకున్నాను" అన్నాడు. "బంతి విసిరింది నువ్వా, నేనా? ఇద్దరం చెరిసగం. ఇంక ఆ మాట ఎత్తకు."

నాలుగూ రెండూ చెరిసగం కావని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు సముద్రం పోటూ పాటూ లెక్కగట్టిన మనిషి, ఆయనకీ తెలుసు. వాదించబోయాను. "ఎదర చూడనీ" అని కసిరాడు. నేను ఆయన కుడి భుజం వెనక వెళ్ళి నిలబడ్డాను.